పుట్టింటి మతాన్ని విడిచినవారు: గోరా దంపతుల జీవితం

(ప్లాటినం జూబ్లీ ఉత్సవ సభలో చేసిన ప్రసంగానికి లిఖితరూపం)



పాఠశాల ప్రవేశపత్రంలో పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, మాతృభాష అన్న గడుల సరసన 'మతము' అన్న గడి ఒకటి ఉంటుంది. ఐదేళ్ల పసివానిని బల్లమీద కూర్చుండబెట్టి తండ్రి ఆ గడిని ఒక్క మాటతో పూరిస్తాడు. పుట్టిన తేదీ దగ్గర తడబడే తండ్రులు కోకొల్లలు గాని, ఈ గడి దగ్గర కలం ఆగిన తండ్రి అరుదు. పసివానిని ఎవరూ అడగరు. అడగవలసిన పనీ లేదు. ఇంటిపేరు ఎట్లా వచ్చిందో, ఇంటి భాష ఎట్లా వచ్చిందో, ఇంటి దేవుడూ ఆ వయసులో అట్లాగే వస్తాడు.

చిక్కు వచ్చేది ఇరవై ఏళ్ల తరువాత. డెబ్బై ఐదేళ్ల ప్రవేశ రిజిష్టర్లు భద్రపరచిన ఏ పాఠశాలలోనైనా, ఆనాడు తండ్రి వ్రాయించిన మాటను పెద్దయ్యాక తామే కొట్టివేసుకున్నవారు కొందరు ఉండకపోరు. ఒకరు చర్చికి వెళ్లి ఉంటారు, ఒకరు చర్చి నుండి వచ్చి ఉంటారు, ఒకరు బౌద్ధం స్వీకరించి ఉంటారు, మరొకరు ఏ గుడికీ పోవడం మానేసి ఉంటారు. జూబ్లీ సంచికలలో వారి ఉద్యోగాలు, పదవులు అచ్చవుతాయి. ఈ సంగతి మాత్రం అచ్చు కాదు. ఇళ్లలోనూ దీనిని గొంతు తగ్గించి చెప్పుకుంటారు. కొన్ని ఇళ్లలో అసలు చెప్పుకోరు, ఆ బిడ్డ పేరే ఎత్తరు. గొంతు తగ్గించవలసిన పని లేకుండా, చరిత్రకెక్కిన ఒక కుటుంబాన్ని గురించి ఈ సభలో చెప్పుకోవడం ఉచితం. ఆ కుటుంబపు కథ మొదలైనది తెలుగుదేశపు నడిబొడ్డున కాదు, నేటి ఒడిశాలో.

గంజాం జిల్లా ఛత్రపురంలో 1902 నవంబరు 15న గోపరాజు రామచంద్రరావుగారు జన్మించారు. అప్పటికి గంజాం మద్రాసు రాజధానిలోని భాగం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు అటు చేరినది. ఇంటిపేరులోని మొదటి అక్షరము, సొంతపేరులోని మొదటి అక్షరము కలిపి లోకం ఆయనను 'గోరా' అన్నది. వారిది సనాతన బ్రాహ్మణ కుటుంబం. చదువు కాకినాడలోను, మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలోను సాగింది. వృక్షశాస్త్రంలో ఎం.ఏ. పట్టా పుచ్చుకున్నారు. 1922లో వివాహమైనది. పెండ్లికుమారునికి ఇరవై ఏళ్లు నిండలేదు. విజయనగరంలో పుట్టిన పెండ్లికుమార్తె సరస్వతికి పదేళ్లు. శారదా చట్టం రావడానికి ఇంకా ఏడేళ్ల వ్యవధి ఉన్నది గనుక ఆ కాలానికి అది వింత కాదు.

రామచంద్రరావుగారు పుట్టు నాస్తికులు కారు. అందరిలాగే నమ్మి పెరిగారు. ఆకు కోసి, పలుచని పొరగా చేసి, భూతద్దం క్రింద పెట్టి చూడనిదే ఏదీ వ్రాయకూడదన్నది వృక్షశాస్త్రం నేర్పే క్రమశిక్షణ. ఆ అలవాటు ప్రయోగశాల గుమ్మం దాటి ఇంట్లోకి వచ్చినది. కాకినాడలో దయ్యాలున్నవని పేరుబడిన ఇంట్లో ఉండి చూశారు. ఏ దయ్యమూ రాలేదు. నమ్మకం ఒక్కనాట తెగిపోదు. పాత గోడ సున్నం వలె పెచ్చు పెచ్చుగా రాలుతుంది.

ఆయన ఉద్యోగాల వరుసను గమనిస్తే ఒక చిత్రమైన విషయం కనబడుతుంది. 1925లో మధురలోని అమెరికన్ కాలేజీలో అధ్యాపకులుగా చేరారు. అది క్రైస్తవ మిషనువారి కళాశాల. క్రైస్తవం స్వీకరిస్తే అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయానికి పంపి పై చదువు చెప్పిస్తామన్న ప్రతిపాదన వచ్చినది. ఆయన కాదన్నారు. సొంత మతం మీద విశ్వాసం సడలుతున్న ఆ రోజులలో ఆ అవకాశాన్ని కాదనడం చిన్న విషయం కాదు. మతాన్ని విడిచేవారందరూ లాభానికే విడుస్తారని తేలికగా అనేవారు ఈ ఒక్క సంఘటనను జ్ఞాపకం పెట్టుకోవాలి. అటుతరువాత కోయంబత్తూరులో కొంతకాలం పనిచేసి, కొలంబోలోని ఆనంద కళాశాలకు వెళ్లారు. అది బౌద్ధుల విద్యాసంస్థ. 1928లో కాకినాడ పిఠాపురం రాజావారి కళాశాలకు వచ్చారు. బ్రహ్మసమాజికులైన రఘుపతి వేంకటరత్నంనాయుడుగారు ప్రధానాచార్యులుగా ఉండి తీర్చిదిద్దిన కళాశాల అది. ఆ పిమ్మట మచిలీపట్నంలోని హిందూ కళాశాల. క్రైస్తవము, బౌద్ధము, బ్రహ్మసమాజము, హిందూమతము: నాలుగింటి నీడలోనూ ఆయన పాఠం చెప్పారు. ఏ నీడా ఆయనకు ఇల్లు కాలేదు.

కొలంబోలో ఉండగా జరిగిన ఒక సంగతి ఇక్కడి తల్లులకు ప్రత్యేకంగా చెప్పదగినది. సరస్వతిగారు అప్పుడు గర్భవతి. గ్రహణం వచ్చినది. గ్రహణవేళ గర్భిణి కదలరాదని, కత్తి పట్టరాదని, బయటకు వస్తే బిడ్డ గ్రహణమొర్రితో పుడుతుందని తెలుగింట పుట్టిన ప్రతి ఆడపిల్లా వినే ఉంటుంది. ఎం.ఏ. చదివి నమ్మకాన్ని పరీక్షించడం ఒక ఎత్తు. కడుపులో బిడ్డను పెట్టుకొని పరీక్షించడం మరొక ఎత్తు. పదిహేనేళ్లు దాటిన ఆ ఇల్లాలు ఏమీ పాటించక మామూలుగా తిరిగారు. బిడ్డ ఏ లోపమూ లేకుండా పుట్టినది. ఆ బిడ్డే మనోరమ. గోరాగారి ప్రయోగాలన్నీ ఒక ఎత్తు, ఈ ప్రయోగం ఒక్కటీ ఒక ఎత్తు అని చెప్పినా అతిశయోక్తి కాదు. భర్త మాట విని చేశారా, తన ఆలోచనతో చేశారా అని అడిగేవారుంటారు. పదేళ్లకే అత్తింటికి ఇవ్వబడిన అమ్మాయి మొదట భర్త వెనుక నడిచి ఉండవచ్చు. అయితే భర్త గతించిన తరువాత ముప్పై ఏళ్లకు పైగా ఆమె అదే త్రోవన నడిచారు. 'గోరాతో నా జీవితం' అన్న పేర ఆమె స్వీయచరిత్ర వ్రాసుకున్నారు.

1928లో కాకినాడ చేరాక అసలు పరీక్ష ఎదురైనది. రామచంద్రరావుగారు జందెము తీసివేశారు. తిరిగి వేసుకోనన్నారు. కులపెద్దలు వెలివేశారు. తండ్రి వేంకటసుబ్బారావుగారు కొడుకును ఇల్లు విడిచి పొమ్మన్నారు. కొడుకు భార్యను వెంటబెట్టుకొని బయటకు నడిచారు.

ఈ ఘట్టాన్ని చెప్పేవారు సాధారణంగా కొడుకు పక్షాన నిలిచి, తండ్రిని కఠినునిగా చిత్రించి ముందుకు సాగిపోతారు. అది న్యాయం కాదు. ఆ రోజులలో వెలి అంటే ఏమిటో నేటి పిల్లలకు తెలియదు. వెలిపడిన ఇంటికి పురోహితుడు రాడు. శుభానికి పిలుపు ఉండదు, అశుభానికి నలుగురు మోసేవారుండరు. ఆ ఇంటి ఆడపిల్లను అడిగేవారుండరు, ఆ ఇంటికి పిల్లనిచ్చేవారుండరు. కొడుకును ఇంట ఉంచుకుంటే ఆ శిక్ష ఇంటిల్లిపాదికీ పడుతుంది. వెలి వేసేవారికి ఈ సంగతి బాగా తెలుసు. అందుకే వారు తప్పు చేశాడనుకున్నవానిని నేరుగా కొట్టరు, వాని తండ్రి చేత కొట్టిస్తారు. ఒక పక్క కొడుకు, మరొక పక్క మిగిలిన సంసారమంతా. ఆ తండ్రి ఎన్ని రాత్రులు నిద్ర లేక గడిపి ఉంటారో ఏ గ్రంథంలోనూ లేదు. అట్లాగని కొడుకు చేసినదీ దుడుకుతనం కాదు. జందెం ఉంచుకొని చొక్కా క్రింద దాచుకుంటే ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. నమ్మనిదానిని ధరించడం తండ్రిని మోసగించడమే అవుతుందని ఆయన అనుకున్నారు. ఇంటి శాంతి కోసం పూజగదిలో నిలబడి పెదవులు కదిపే యువకులు నేడు కొల్లలు. వారిని తప్పు పట్టవలసిన పని లేదు. వారు తమ తల్లిదండ్రులకు ఇస్తున్నది ప్రేమ, దాస్తున్నది తమను.

చట్టం ఏమంటున్నదో కూడా తల్లిదండ్రులు తెలిసికొనుట మంచిది. మతాన్ని విడిచినంత మాత్రాన, లేదా కులం నుండి వెలిపడినంత మాత్రాన ఆస్తిహక్కు పోదని 1850లోనే చట్టం వచ్చినది. అయితే 1872 నాటి వివాహ చట్టం క్రింద పెండ్లి చేసుకోగోరేవారు తాము ఏ మతానికీ చెందమని ప్రకటించవలసి వచ్చేది. రెండు కులాల పిల్లలు పెండ్లాడాలంటే నోటితో మతాన్ని కాదనాలి! ఆ నిర్బంధం కొంత 1923లో సడలి, 1954 ప్రత్యేక వివాహ చట్టంతో పూర్తిగా తొలగినది. రాజ్యాంగం 25వ అధికరణం అంతరాత్మ స్వేచ్ఛను ఇచ్చినది. పాఠశాలలకు సంబంధించినది 28వ అధికరణం. పూర్తిగా ప్రభుత్వ ధనంతో నడిచే పాఠశాలలో మతబోధ కూడదు. ప్రభుత్వ గుర్తింపు గాని సహాయం గాని పొందే పాఠశాలలో మతబోధ గాని, ప్రార్థన గాని జరిగితే, విద్యార్థి సమ్మతి లేకుండా, మైనరైతే సంరక్షకుని సమ్మతి లేకుండా, బలవంతంగా కూర్చుండబెట్టరాదు. ఉదయపు ప్రార్థన వేళ పెదవి కదపని పిల్లవాని చెవి మెలిపెట్టిన ఉపాధ్యాయులు ఈ అధికరణాన్ని ఒకమారు చదువుకోవడం మేలు.

కాకినాడలో గోరాగారి ఉద్యోగం 1933లో పోయినది. దేవుని భావనను గూర్చి ఆయన వ్రాసిన వ్యాసం అందుకు కారణం. మచిలీపట్నంలో దొరికిన ఉద్యోగమూ 1940లో అదే కారణాన ముగిసినది. వృక్షశాస్త్రం బోధించే అధ్యాపకునిలో ఆ శాస్త్రంలో లోపమున్నదని ఎవరూ అనలేదు. అప్పటికి ఇంటినిండా పిల్లలు. ఇక ఉద్యోగం వెదకకూడదని నిశ్చయించుకొని, కృష్ణాజిల్లా ముదునూరు గ్రామం చేరారు. 1940 ఆగస్టు 10న అక్కడ నాస్తిక కేంద్రం స్థాపించారు. పేరు నాస్తిక కేంద్రమే గాని, అక్కడ మొదట సాగినది బడి పని. వయోజనులకు అక్షరాలు నేర్పడం, ఊరినీ వాడనూ ఒక బంతిని కూర్చుండబెట్టడం. వెన్నెల రాత్రులలో ఎవరి అన్నం వారు తెచ్చుకొని అన్ని కులాలవారూ కలిసి తినే భోజనాలు జరిగేవి. దేవుడు లేడన్న మాట ఊరికి ఎంత ఎక్కినదో చెప్పలేము గాని, కలిసి తినవచ్చునన్న మాట ఎక్కినది. సరస్వతిగారు నిప్పులమీద నడిచి, అందులో మహిమ ఏదీ లేదని గ్రామస్థులకు చూపారు. 1942 క్విట్ ఇండియా ఉద్యమంలో పసికొడుకు నియంతను చంకనెత్తుకొని జైలుకు వెళ్లారు.

పిల్లల పేర్లను గురించి ఒక మాట. దేవతల పేర్లు విడిచాక ఏమి పేర్లు పెట్టాలి? ఉప్పు సత్యాగ్రహం నాటి 1930లో పుట్టినవాడు లవణం. ఆపైన విద్య, విజయం. యుద్ధకాలంలో సమరం, నియంత. తొమ్మిదవ సంతానం 'నౌ', అంటే హిందీలో తొమ్మిది. హాజరుపట్టీ పిలిచే ఉపాధ్యాయులకు ఆ రోజులలో ఈ పేర్లు ఎంత వినోదం కలిగించి ఉంటవో ఊహించవచ్చు. విద్యగారు తరువాత విజయవాడ నుండి రెండుమార్లు లోక్‌సభకు ఎన్నికయినారు.

గాంధీజీతో గోరాగారి సంబంధం తెలుగువారు విశేషంగా తెలిసికోదగినది. 1930లోనే దేవుని గురించి ప్రశ్నిస్తూ ఆయన ఉత్తరం వ్రాశారు. 1941లో కలుసుకోవడానికి అనుమతి కోరగా, నాస్తికత్వ ప్రచారం ఫలించదని, తీరిక లేదని గాంధీజీ జవాబిచ్చారు. గోరాగారు అలిగి ఊరకుండలేదు, వెంటబడి వేధించనూ లేదు. తన పని తాను చేసుకున్నారు. 1944లో పిలుపు వచ్చినది. సేవాగ్రామంలో సాయంకాలపు నడక వేళ, దేవుడు లేని మనిషితో ఏమి మాట్లాడగలనని గాంధీజీ చమత్కరించగా, ఇద్దరూ నవ్వుకున్నారు. తన ఆస్తికత ఒప్పని గాని, గోరా నాస్తికత తప్పని గాని తాను చెప్పజాలనని, ఇద్దరూ సత్యాన్ని అన్వేషించేవారేనని అనేంతవరకు ఆ మాటలు సాగినవి. ఈ సంభాషణలను గోరాగారు ఇంగ్లీషులో ఒక చిన్న పుస్తకంగా 1951లో వెలువరించారు. ఇద్దరిలో ఎవరూ ఎవరినీ మార్చలేదు. రామనామం ఊపిరిగా బ్రతికినవారు ఒకరు, దానిని విడిచినవారొకరు. రెండేళ్లకు పైగా ఒకరికొకరు వ్రాసుకున్నారు, మాట్లాడుకున్నారు.

గ్రహణాన్ని ధిక్కరించి కన్న మనోరమకు, హరిజన కుటుంబంలో పుట్టిన అర్జునరావుగారితో వివాహం నిశ్చయమైనది. గాంధీజీ సేవాగ్రామంలో తమ సమక్షంలోనే జరిపిస్తామన్నారు. అంతకుముందు వరుడు ఆశ్రమంలో ఉండి శిక్షణ పొందాలన్నారు. వివాహ ప్రమాణంలో దేవుని పేరు వస్తుంది గదా అన్న చిక్కు తలెత్తగా, దేవుని పేరుకు బదులు సత్యం పేరు పెట్టడానికి గాంధీజీ సమ్మతించారు. జీవితమంతా దేవుని కొలిచిన వృద్ధుడు, మరొకరి బిడ్డల అంతరాత్మ కోసం తన దేవుని పేరును ప్రక్కకు జరిపారు! ఆ పెండ్లిని చూడడానికి ఆయన మిగలలేదు. 1948 జనవరి 30 తరువాత నెలన్నరకు, మార్చిలో, సేవాగ్రామంలో అనుకున్న ప్రకారమే వివాహం జరిగినది.

1960లో లవణంగారు హేమలతగారిని సేవాగ్రామంలోనే వివాహమాడారు. ఆమె మహాకవి గుఱ్ఱం జాషువాగారి కుమార్తె. జాషువాగారు క్రైస్తవ కుటుంబంలో పుట్టి, కాశీ విశ్వేశ్వరునికి గబ్బిలం చేత సందేశం పంపించిన కవి. అటు చర్చివారితోను ఇటు పండితులతోను ఆయన పడిన బాధలు తెలుగు పాఠం చెప్పే ఉపాధ్యాయులందరికీ విదితమే. జాషువాగారి ఇంటి బిడ్డ నాస్తికుల ఇంటి కోడలైనది. ఆ దంపతులు స్టూవర్టుపురంలో నేరస్థజాతులని ముద్రపడినవారి మధ్య, నిజామాబాదు ప్రాంతంలో జోగినుల మధ్య చేసిన సేవ వేరే ప్రసంగానికి తగిన విషయం.

ఇక్కడ ఒక ప్రశ్న వేయక తప్పదు. పుట్టుకతో వచ్చినదేదైనా పరీక్షకు నిలవాలని ఇల్లు విడిచిన మనిషి గోరా. ఆయన పిల్లలు పుట్టుకతోనే నాస్తికులుగా పెరిగారు. అంటే ఆ ఇంట నాస్తికత్వం కూడా ఇంటిపేరు వలెనే వచ్చినదా? ప్రవేశపత్రంలో ఆ గడిని ఖాళీగా విడవడం కూడా తండ్రి పూరించడమే కదా! దీనికి సులభమైన జవాబు లేదు. పిల్లలకు ఏదో ఒకటి ఇవ్వకుండా పెంచడం ఎవరి తరమూ కాదు. ఇచ్చినదానిని వారు తిరిగి చేతికిచ్చిననాడు పెద్దలు ఏమి చేస్తారన్నదే అసలు సంగతి. గోరాగారి పిల్లలలో ఎవరైనా గుడికి వెళ్తానన్నట్లయితే ఆయన ఏమనేవారో! ఆ పరీక్ష ఆయనకు రాలేదు. వేంకటసుబ్బారావుగారికి వచ్చినది.

మహారాష్ట్రలోని తెలుగువారికి నాగపూరు సంగతి కొత్త కాదు. హిందువుగా పుట్టినా హిందువుగా మరణించనని 1935 అక్టోబరులో యేవలాలో ప్రకటించిన డాక్టర్ అంబేద్కరుగారు, 1956 అక్టోబరు 14న నాగపూరులో లక్షలాది అనుచరులతో బౌద్ధం స్వీకరించారు. ప్రకటనకూ స్వీకారానికీ నడుమ ఇరవై ఒక్క సంవత్సరాలు! అన్ని మతాల గ్రంథాలూ ముందు పెట్టుకొని చదివిన కాలమది. మతం మారడమంటే క్షణికావేశమని భావించే పెద్దలు ఈ లెక్కను గమనించాలి. గోరాగారు అంబేద్కరుగారి వలె మరొక గూటికి చేరలేదు. అంబేద్కరుగారికి వెనుక నిలిచిన లక్షల జనం గోరాగారికి లేరు. ఇద్దరి త్రోవలూ వేరు.

1947లో నాస్తిక కేంద్రం విజయవాడ పటమటకు మారినది. 1975 జూలై 26న విజయవాడలో ఒక సభలో మాట్లాడుతూ గోరాగారు కన్నుమూశారు. సరస్వతిగారు 2006 ఆగస్టు 19 వరకు, తొంబది మూడేళ్లు జీవించారు.

కర్ణాటకలో స్థిరపడిన తెలుగువారికి బసవేశ్వరుని కథ పసినాటి నుండీ తెలిసినదే. పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో చెప్పిన ప్రకారం, ఆ బాలుడు ఉపనయనం వద్దన్నాడు. తండ్రి మాదిరాజు పట్టుబట్టాడు. కొడుకు ఇల్లు విడిచాడు. జందెం మీద తండ్రీకొడుకుల వాదం కాకినాడలో మొదలైనది కాదు, సుమారు ఏడువందల సంవత్సరాల క్రిందటనే తెలుగు ద్విపదలోకి ఎక్కినది. బసవన్న విడిచినది శివుని కొరకు, గోరా విడిచినది ఏ దేవుని కొరకూ కాదు. ఆ తేడా చాలా పెద్దది. అయినా కర్ణాటక ప్రభుత్వం బసవన్న పేరిట ఇచ్చే పురస్కారాన్ని సరస్వతిగారికి సమర్పించినప్పుడు, ఆ తేడాను ఎవరూ అడ్డుగా తేలేదు. విజయనగరంలో పుట్టి, పదేళ్లకు పెండ్లయి, గ్రహణంలో బయట తిరిగిన ఆ తెలుగు ఇల్లాలు పరమ శివభక్తుని పేరుగల ఆ పురస్కారాన్ని అందుకున్నారు.